కొత్త ఇల్లు చేతికొచ్చింది, "మా ఇల్లు" అనిపించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తతాళం (నల్లగండ్ల, హైదరాబాద్)
జనవరి 18, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. నల్లగండ్లలో మూడు పడకగదుల ఫ్లాట్ తీసుకున్నాం. పోయిన నెల తాళాలు ఇచ్చారు. పాలు పొంగించి వ్రతం చేసుకున్నాం గానీ సామానంతా ఇంకా అద్దె ఇంట్లోనే ఉంది. మార్చి చివరికల్లా మారిపోవాలి.

ఇంటీరియర్ వాళ్ళని ఇద్దరిని పిలిచాను. ఇద్దరూ కంప్యూటర్లో ఇల్లంతా చేసి చూపించారు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ మా టవర్లోనే మూడిళ్ళు చూశాను, మూడింట్లోనూ అదే టీవీ గోడ, అవే సన్న చెక్క పట్టీలు, అదే సీలింగ్ లైట్ల వరస. ఆ బొమ్మల్లో మేమిద్దరం ఎక్కడా కనిపించలేదు. అలాగని నీకేం కావాలో చెప్పమంటే నోరు రావడం లేదు. ఫోన్‌లో ఆరువందల పైచిలుకు ఫోటోలు దాచుకున్నాను. ఒకరోజు తెల్లటి ఇల్లు నచ్చుతుంది. మర్నాడు ముదురాకుపచ్చ గోడ, పేము కుర్చీలు నచ్చుతాయి. మావారికేమో బూడిద రంగు కావాలి, ఎందుకో చెప్పరు. అత్తయ్య పూజగది సంగతి తేల్చమంటున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టనంత టెన్షన్‌గా ఉంది.

ఖర్చు మొత్తం ఎనిమిది లక్షలు దాటకూడదు. హాలు, భోజనాల చోటు కలిపి 12 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు. సింహద్వారం తూర్పు, బాల్కనీ పడమర. షాపుల పేర్లు అడగడం లేదు. మీ ఇల్లు ఇలా ఉండాలని మీకు ఎలా తెలిసిందో చెప్పండి, చాలు.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)
జనవరి 18, రాత్రి 11:05

అమ్మాయ్, ముందు నాలుగు రాత్రులు ఆ ఇంట్లో పడుకో. చాపలు, రెండు దిళ్ళు, స్టవ్వు, కాఫీ గిన్నె తీసుకెళ్ళండి చాలు. పొద్దున్నే ఎండ ఏ గోడ మీద పడుతోంది, పక్కింటి కుక్కర్ కూత ఏ గదిలో వినిపిస్తోంది, నువ్వు కాఫీ గ్లాసు పట్టుకుని అడక్కుండానే ఎటు నడిచావు, ఇవి చూసుకో. మా ఇల్లు కట్టుకున్నప్పుడు నాకు హాల్లో సోఫా కావాలని ఒకటే పట్టు. తీరా చూస్తే ఇంటిల్లిపాదీ వంటింటి గడప దగ్గరే కూర్చునేవాళ్ళం. ఆ సోఫా మీద ఇప్పటికీ ఉతికిన బట్టలే కూర్చుంటాయి.

గీతలగది (విజయవాడ)
జనవరి 19, ఉదయం 7:40

కొత్తతాళం గారూ, నేను ఇరవై ఏళ్ళుగా ఇళ్ళకి ప్లాన్లు గీస్తున్నాను. మీ ఆరువందల ఫోటోల దగ్గరే మొదలుపెడదాం. వాటిలో ముప్ఫై ఏరండి. ఒక్కోదాని కింద ఒక్క వాక్యం రాయండి. సోఫా బాగుంది, రంగు బాగుంది అని వద్దు. ఆ గదిలో మీరు ఏం చేస్తున్నట్టు ఊహించుకున్నారో అది రాయండి. "ఇక్కడ కూర్చుని మా అమ్మతో ఫోన్ మాట్లాడతాను", "బాబు ఇక్కడ బోర్లా పడుకుని బొమ్మలేస్తాడు", అలా. ఏమీ తోచని ఫోటో తీసేయండి. అది మీకు నచ్చింది ఫోటోగా, గదిగా కాదు.

పటమటలో ఒకావిడకి ఇల్లు చేశాను. ఆవిడ తెచ్చిన ఫోటోలన్నీ రాజమహళ్ళలాంటివి. వాక్యాలు రాయమంటే సగానికి పైగా "కింద కూర్చుని పూలు కట్టుకుంటాను" అని వచ్చింది. ఆవిడ రోజూ సాయంత్రం పూలు కట్టేది మంచానికి ఆనుకుని, నేల మీద. కిటికీ పక్కన 14 అంగుళాల ఎత్తులో, 30 అంగుళాల వెడల్పుతో ఒక అరుగులాంటిది చెక్కతో చేయించాం. కింద సొరుగులు, పైన పలచటి పరుపు. ఆ ఇంట్లో ఇంకేం చేశామో చాలావరకు నాకు గుర్తు లేదు. ఆవిడ మాత్రం ఎప్పుడు ఫోన్ చేసినా ఆ అరుగు గురించే చెబుతారు.

ఇంకో సంగతి వెలుతురు. ఆ ఫోటోల్లో మనల్ని పట్టి లాగేది చాలాసార్లు సామాను కాదు, దీపాలు. మనం ఇంట్లో 6500 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు) తెల్ల ట్యూబులు నడినెత్తి మీద వేసుకుంటాం. ఫోటోల్లో ఉండేది 2700, 3000 కెల్విన్ పసుపు వెలుగు, అదీ కంటి ఎత్తులోనో ఇంకా కిందనో. ఎల్‌ఈడీ డబ్బా మీద ఈ అంకె రాసి ఉంటుంది, చూసి కొనండి. హాలుకీ పడకగదులకీ 3000, వంటగట్టు మీదా చదువుకునే బల్ల దగ్గరా 4000 వేయండి. ఈ మార్పుకి పెద్దగా ఖర్చవదు. ఇది చేశాక మళ్ళీ చూస్తే "మార్చాలి" అనుకున్నవాటిలో కొన్ని మార్చక్కర్లేదనిపిస్తుంది.

ఫాల్స్ సీలింగ్ గురించి కూడా. మీ కప్పు ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు ఉంటుందనుకుంటున్నాను. సీలింగ్ ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు తినేస్తుంది. 12 అడుగుల వెడల్పు హాల్లో ఆ తేడా తల మీద తెలుస్తుంది. వైర్లు దాచాల్సిన చోట అంచుల వెంట మాత్రం చేయించుకోండి, మిగతా కప్పు వదిలేయండి.

సాదాగోడ (బెంగళూరు)
జనవరి 19, మధ్యాహ్నం 1:15

ఒక మాట మీవారి తరఫున చెప్పాలని ఉంది. ఇలాంటి చర్చల్లో చివరికి అందరూ ఇత్తడి గంగాళం, కలంకారీ, ఊయల బల్ల దగ్గరికే వస్తారు. అవి నాకూ ఇష్టమే, కానీ మా ఇంట్లో ఒక్కటీ లేదు. కావాలనే పెట్టుకోలేదు.

మేము ఆరుగురం ఒకటిన్నర గదిలో పెరిగాం. మంచం కింద బియ్యం బస్తా, అటక మీద పరుపులు, తలుపు వెనక స్కూలు సంచులు, గోడకి ఆరు మేకులు, ప్రతి మేకుకీ మూడేసి చొక్కాలు. ఏది తీయాలన్నా ముందు నాలుగు తీయాలి. ఇప్పుడు మా హాల్లో ఒక సోఫా, ఒక బల్ల, ఒక మొక్క. గోడలు ఖాళీ. ఆఫీసు నుంచి వచ్చి ఆ ఖాళీ గోడ చూస్తే నాకు ఊపిరి ఆడుతుంది. మా నాన్న మొదటిసారి వచ్చినప్పుడు "ఇంకా సామాను రాలేదా" అన్నారు. తర్వాత రెండు రోజులు ఆ హాల్లోనే, నేల మీద, హాయిగా నిద్రపోయారు.

అందుకే అంటున్నా, బూడిద రంగు కావాలన్నవాళ్ళకి టేస్ట్ లేదని అనుకోకండి. ఎందుకో ఆయన్ని మెల్లగా అడగండి.

ఫ్రిస్కోలో_మనమ్మాయి (టెక్సస్)
జనవరి 20, తెల్లవారుజామున 4:30 (అక్కడ సాయంత్రం)

నేను చేసిన పొరపాటు చెబుతాను, మీకు పనికొస్తుంది. 2019లో ఇల్లు కొన్నాం. బిల్డర్ ఇచ్చిన లేత బూడిద గోడలు, లేత గోధుమ కార్పెట్, అన్నీ ఒకే రంగులో. మన ఇల్లులా లేదని దిగులేసి, ఆ ఏడాది ఇండియా వచ్చినప్పుడు ఒక్క వారంలో కొండపల్లి దశావతారాలు, ఏటికొప్పాక బొమ్మలు, నిర్మల్ చిత్రం, చేర్యాల మాస్కులు, శ్రీకాళహస్తి కలంకారీ, పెంబర్తి ఇత్తడి పళ్ళెం కొనేశాను. మూడు పెట్టెలు. అన్నీ ఒకే హాల్లో పెట్టాను. చూడ్డానికి వచ్చిన వాళ్ళందరూ "ఎంత బాగుందో, ఎగ్జిబిషన్‌లా ఉంది" అన్నారు. ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఎగ్జిబిషన్‌లో ఎవరూ కాపురం చేయరు కదా.

తర్వాత అన్నీ తీసి అలమరలో పెట్టి, గదికి ఒకటి చొప్పున బయటికి తీశాను. కొండపల్లి బొమ్మలు సంక్రాంతి కొలువుకి మాత్రమే వస్తాయి. మా పాప ఇప్పుడు వాటికోసం ఎదురుచూస్తుంది. రోజూ కళ్ళముందుంటే చూసేది కాదు.

ఇంకో దెబ్బ కలంకారీ. సహజ రంగుల గుడ్డని దక్షిణం కిటికీ ఎదురుగా వేలాడదీశాను. రెండు ఎండాకాలాల్లో ఎర్రటి మంజిష్ఠ రంగు ఇటుకపొడిలా వెలిసిపోయింది. మీ బాల్కనీ పడమర అన్నారు. ఆ ఎండ నేరుగా తగిలే గోడకి అలాంటివి వద్దు. అమెరికాలో ఉన్న వాళ్ళకి ఒక మాట: ఇక్కడి గోడలు జిప్సం బోర్డు, బరువైన ఇత్తడివి వేలాడదీయాలంటే లోపల నిలువుగా ఉండే చెక్క (స్టడ్) వెతికి మేకు కొట్టాలి, మామూలుగా 16 అంగుళాలకి ఒకటి ఉంటుంది.

కొత్తతాళం (నల్లగండ్ల, హైదరాబాద్)
జనవరి 27, రాత్రి 9:50

మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. గోదారిగట్టు గారూ, మూడు రాత్రులు పడుకున్నాం. గీతలగది గారూ, ముప్ఫై ఫోటోలు ఏరి వాక్యాలు రాశాను. చివరికి పదకొండు మిగిలాయి. పదకొండింట్లోనూ కిటికీ ఉంది. నాకు నచ్చింది గోడ రంగు కాదు, కిటికీ దగ్గర కూర్చునే చోటు. అందులో నాలుగింటికి ఆకుపచ్చ చెక్క రెక్కలు ఉన్నాయి. అప్పుడు తట్టింది. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ పెంకుటింటి కిటికీలు అచ్చం ఆ ఆకుపచ్చే. ఎండాకాలం మధ్యాహ్నం రెక్కలు మూసేస్తే సందుల్లోంచి గచ్చు మీద చారలు చారలుగా వెలుతురు పడేది. మేం పిల్లలం ఒక్కో చార మీద చెయ్యి పెట్టి పడుకునేవాళ్ళం. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆరువందల ఫోటోల్లో నేను వెతుకుతున్నది ఆ మధ్యాహ్నాన్ని అని నాకే తెలియలేదు.

సాదాగోడ గారు చెప్పినట్టు మావారిని అడిగాను. రెండో రాత్రి, చాప మీద, కరెంటు పోయినప్పుడు. చాలాసేపు ఆలోచించి "బండలు" అన్నారు. కరీంనగర్‌లో వాళ్ళింట్లో షాబాద్ బండలు. వేసవిలో పొద్దున బండల మీద నీళ్ళు చల్లి, ఆరాక చెంప ఆనించి పడుకునేవారట. తడిసినప్పుడు ముదురు బూడిద, ఆరితే లేత బూడిద. నాన్న కొట్టిన రోజు కూడా అక్కడికే వెళ్ళి పడుకునేవాణ్ణని చెప్పారు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది, ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు నా ప్రశ్న: ఆకుపచ్చ కిటికీ, బూడిద బండ, ఈ రెండూ ఒక ఫ్లాట్‌లో ఎలా పెట్టాలి?

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)
జనవరి 27, రాత్రి 10:02

చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయమ్మా. సగం ఇల్లు కుదిరినట్టే ఇక.

గీతలగది (విజయవాడ)
జనవరి 28, ఉదయం 8:10

బ్రహ్మాండంగా పెట్టొచ్చు. ఒక్కటే మనవి: బండ కావాలన్నవారికి బూడిద రంగు లామినేట్ (పైన అంటించే రేకు) ఇవ్వకండి. అది కంటికి బూడిద రంగే, చెంపకి కాదు. అసలు రాయే పెట్టండి. షాబాద్ రాయి, తాండూరు రాయి ఒకే జాతి సున్నపురాళ్ళు. తాండూరులో పసుపూ దొరుకుతుంది, నీలం కలిసిన బూడిదా దొరుకుతుంది. మీకు ఆ రెండోది కావాలి. పాలిష్ వద్దు, నునుపు చేసి వదిలేయమనండి. మెరిస్తే అది బండ కాదు, షోరూమ్.

ఎక్కడంటే, బాల్కనీ నేల. బిల్డర్ వేసిన టైల్ మీదే వేస్తే ఎత్తు పెరిగి నీళ్ళు లోపలికి వస్తాయి, కాబట్టి ఆ టైల్ తీయించి వాలు సరిచూసి వేయించండి. ఇంకా మనసుంటే టీవీ కింద గోడకి ఆనించి ఒక పొడవాటి రాతి బల్ల. వంటగట్టుకి మాత్రం వద్దు. సున్నపురాయికి పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు, పెరుగు ఏది ఒలికినా తెల్లటి మచ్చ పడి, అక్కడ గరుకైపోతుంది. మన వంటింట్లో పులుపు ఒలకని రోజు ఉండదు. అక్కడ గ్రానైటే నయం.

ఆకుపచ్చ గోడకి కాదు, కిటికీకే వేయండి. అపార్ట్‌మెంట్లలో బయటి కిటికీలు మార్చనివ్వరు. లోపలివైపు సన్న పలకల చెక్క రెక్కలు చేయించుకోవచ్చు. పడమటి ఎండ వస్తుంది కాబట్టి మీ చారలు మీకు సాయంత్రం నాలుగింటికి పడతాయి.

రంగు డబ్బా మీదా, కార్డు మీదా చూసి నిర్ణయించకండి. రెండడుగుల అట్టముక్క మీద రెండు కోట్లు వేసి, ఆ అట్టని ఉదయం, సాయంత్రం, రాత్రి దీపం కింద, వేర్వేరు గోడల దగ్గర పెట్టి చూడండి. పడమటి ఎండలో ఆకుపచ్చలోకి పసుపు వచ్చేస్తుంది, మీ అమ్మమ్మగారి పచ్చ కావాలంటే ఒక మెట్టు నీలం వైపు జరగాల్సి రావచ్చు.

చెక్కపని_32ఏళ్ళు (గుంటూరు)
జనవరి 28, రాత్రి 8:45

అమ్మా, నేను వడ్రంగిని. మా అబ్బాయి చేత టైప్ చేయిస్తున్నాను. స్టైల్ సంగతి పెద్దలు చెప్పారు, నేను వంటిల్లు చెబుతాను. డబ్బులో పెద్ద భాగం అక్కడే పోతుంది.

కొలతలు ఇచ్చేముందు మీ గిన్నెలన్నీ నేల మీద పరచండి. కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, వెట్ గ్రైండర్, పండక్కి తీసే పెద్ద మూకుడు, అన్నీ. అన్నిటికన్నా ఎత్తైనది ఎంతుందో కొలవండి. సొరుగులు దాన్ని బట్టి చేయించాలి. కేటలాగు సొరుగులో పది లీటర్ల కుక్కర్ పట్టక అటక మీదికి ఎక్కించిన ఇళ్ళు నేను లెక్కలేనన్ని చూశాను. నిండు నెలల కోడలు స్టూలెక్కి దాన్ని దింపుతుంటే చూసి, ఆ రోజే అక్కడి సొరుగు విప్పి మళ్ళీ చేశాను.

గట్టు ఎత్తు మనిషిని బట్టి ఉండాలి. నిలబడి మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలిచి, నాలుగు అంగుళాలు తీసేయండి. ఎవరు ఎక్కువసేపు వంట చేస్తారో వాళ్ళ మోచెయ్యి. అందరికీ 34 అని కొట్టేస్తున్నారు, పొట్టివాళ్ళకి భుజాలు లాగేస్తాయి.

సింకు కింద, నీళ్ళు తగిలే చోట ఐఎస్ 710 ముద్ర (నీళ్ళకి తట్టుకునే ప్లైకి వేసేది) ఉన్న ప్లై వాడమనండి. పైన లామినేట్ రేకు అంటించకముందే ఆ ముద్ర మీ కళ్ళతో చూడండి. పడకగది బీరువాలకి అంత అవసరం లేదు. ఎండీఎఫ్‌ని మాత్రం నీళ్ళ దరిదాపుల్లోకి రానివ్వద్దు, అది చెక్కపీచు అదిమి చేసే పలక, తడి తగిలితే అప్పడంలా ఉబ్బుతుంది.

అన్నీ ఒకేసారి బిగించేయకండి. వంటిల్లు, ఒక బీరువా, పూజామందిరం చేయించుకుని దిగండి. ఆరు నెలలు ఉండి మిగతావి చేయించండి. మా పని తగ్గుతుంది, నిజమే, కానీ తర్వాత తిట్టుకోరు.

ఓరుగల్లు_బిడ్డ (హనుమకొండ)
జనవరి 29, సాయంత్రం 6:30

అన్నగారి షాబాద్ బండల ముచ్చట చదివి రాయకుండా ఉండలేకపోయాను. మా అమ్మమ్మ వాళ్ళది భవంతి ఇల్లు, నడుమ ఆకాశం కనబడేది. బండల మీద ఎప్పుడూ ఒక వరంగల్ దర్రీ (నేల మీద పరిచే నేత తివాచీ) ఉండేది, బాగా నలిగిన ఎర్ర చారలది.

మీరు బూడిద నేల వేస్తే దాని మీదికి దర్రీ తీసుకోండి. 2018లో వరంగల్ దర్రీలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొత్తవాడలో మగ్గాల మీద నేస్తారు, పత్తి నూలు, కొన్నింటిలో ఇక్కత్‌లా ముడివేసి రంగులద్దిన నమూనాలు. రెండువైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఒకవైపు మాసితే తిరగేయొచ్చు. ఉన్ని కార్పెట్‌లా దుమ్ము పట్టి కూర్చోదు, మన ఎండలకి అదే సరి. సైజు చూసుకోండి. సోఫా ముందు చిన్న ముక్కలా వేస్తే తేలుతున్నట్టుంటుంది, కనీసం సోఫా ముందుకాళ్ళు దాని మీదికి రావాలి.

కొత్తది కొనేటప్పుడు మగ్గం దగ్గరికే వెళ్ళి చూడండి. నేసే ఆయన "ఈ అంచు మీకోసం ఏ రంగులో వేయమంటారు" అని అడిగారు నన్ను. మా దర్రీలో ఒక అంచు మా అమ్మ చీర రంగులో ఉంది.

అద్దెఇల్లు (విశాఖపట్నం)
జనవరి 29, రాత్రి 11:20

సొంతిల్లు లేనివాళ్ళం కూడా ఇవన్నీ చదువుతాం అని చెప్పడానికి రాస్తున్నాను. మా ఓనరు మేకు కొట్టనివ్వరు, రంగు మార్చనివ్వరు. ఐదేళ్ళలో మూడిళ్ళు మారాం. మాతో వచ్చే సామాను మూడే: రెండు పొట్టి దీపాలు, నలుగురు పట్టే భోజనాల బల్ల, సొరుగు పిడులు.

పిడులంటే నవ్వకండి. ఏటికొప్పాక వెళ్ళినప్పుడు ఒకాయన ముందు గంటసేపు కూర్చున్నాను. అంకుడు కర్ర ముక్క తిరుగుతుంటే, లక్క కడ్డీ దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. కళ్ళముందే పసుపు పిడి తయారైంది, నా చేతిలో పెట్టినప్పుడు ఇంకా వెచ్చగా ఉంది. పన్నెండు చేయించుకున్నాను. ఏ అద్దె ఇంటికి వెళ్ళినా వాళ్ళ పిడులు విప్పి డబ్బాలో దాచి, ఇవి బిగిస్తాను. ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ వాళ్ళవి వాళ్ళకి. రోజుకి పదిసార్లు చేతికి తగిలే వస్తువు మనదైతే ఇల్లు మనదనిపిస్తుంది, నాకైతే అంతే.

చెన్నపట్నం_తెలుగువాడు (చెన్నై)
జనవరి 30, ఉదయం 9:00

ఫోటోలు చూసే బదులు ఇళ్ళు చూడండి. ఇటువైపు వస్తే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర మ్యూజియంకి వెళ్ళండి. 1996లో మొదలైంది. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళు అక్కడ నిలబెట్టారు. మనవి ఉత్తరాంధ్ర వైపు కట్టుకునే గుండ్రటి చుట్టిల్లు, ఇక్కత్ నేతగాళ్ళ ఇల్లు ఉన్నాయి. చేతిలో టేపు పట్టుకెళ్ళండి. అరుగు ఎంత ఎత్తుంది, కిటికీ గడప నేల నుంచి ఎంత, గూడు లోతు ఎంత, కొలిచి రాసుకోండి. పాత ఇళ్ళలో హాయి అన్నది చాలావరకు ఈ అంగుళాల్లో ఉంది. మా ఇంట్లో పూజ గూడు ఆ కొలతతోనే చేయించాను, కూర్చుంటే దీపం సరిగ్గా కళ్ళ ఎదుట ఉంటుంది.

కొత్తతాళం (నల్లగండ్ల, హైదరాబాద్)
ఫిబ్రవరి 16, రాత్రి 10:15

చాలా జరిగింది. వరసగా చెప్పలేను, తోచినట్టు రాస్తాను.

కాగితం టేప్ కొని, సోఫా, భోజనాల బల్ల, టీవీ బల్ల కొలతలు హాలు నేల మీద అంటించాం. ఎల్ ఆకారం సోఫా కావాలని నాలుగు నెలలుగా అనుకుంటున్నాం కదా, టేప్ వేశాక బాల్కనీకి దారి అడుగున్నరే మిగిలింది. బట్టల బుట్ట పట్టుకుని నడిచి చూశాను, పట్టలేదు. మూడు సీట్ల సోఫాకి దిగాం. ఇప్పుడు దారి మూడు అడుగులు. ఒక్క టేప్ చుట్టతో అంత పెద్ద పొరపాటు తప్పింది.

అమ్మ తన పాత మంగళగిరి చీరలు ఇచ్చింది, సన్న జరీ అంచువి, నాలుగు. చీర పొడవు 18 అడుగులు. సగానికి కత్తిరిస్తే తొమ్మిదేసి అడుగులు, మడతలు పోను ఎనిమిదిన్నర. బాల్కనీ తలుపు మీద రాడ్ ఎనిమిది అడుగుల ఎత్తులో పెట్టిస్తే నేల దాకా సరిపోతుంది. కత్తిరించేటప్పుడు అమ్మ పక్కనే కూర్చుంది. "ఇది నువ్వు పుట్టాక పురిటిస్నానం రోజు కట్టుకున్నది" అంది. ఆ చీర కత్తిరించలేదు. మిగతా మూడే వాడాం.

వంటింటి గట్టు 32 అంగుళాలు, నా మోచేతికి. పూజామందిరం ఈశాన్యంలోనే వచ్చింది, అత్తయ్యకి నిశ్చింత. బాల్కనీలో తాండూరు రాయి వేశారు. మొన్న పనివాళ్ళు కడిగి వెళ్ళాక మావారు షూ విప్పి, సాక్సు కూడా విప్పి నిలబడ్డారు.

ఇక ఒక్కటే మిగిలింది. అమ్మమ్మగారి ఊయల బల్ల. ఇల్లు పడగొట్టినప్పుడు పెద్దమామయ్య దాచారు, ఇత్తడి గొలుసులతో సహా. ఐదున్నర అడుగుల టేకు బల్ల. కిటికీ దగ్గర పెట్టుకోమంటున్నారు. స్లాబుకి వేలాడదీయొచ్చా?

చెక్కపని_32ఏళ్ళు (గుంటూరు)
ఫిబ్రవరి 17, ఉదయం 6:50

తొందరపడకండమ్మా. సీలింగ్ బోర్డుకి ఎట్టి పరిస్థితుల్లోనూ కొక్కెం వేయకూడదు. స్లాబుకి వేయాలంటే ముందు బిల్డర్ ఇంజినీరు చేత అడిగించండి. వైర్ల పైపులు ఎటు పోతున్నాయో, దూలం ఎక్కడుందో ఆయనకి తెలుస్తుంది. ఊయల ఊగేటప్పుడు బరువు ఊరికే కిందికి లాగదు, అటూ ఇటూ గుంజుతుంది. ముగ్గురు పిల్లలు ఒకేసారి ఎక్కుతారనే లెక్కన బిగించాలి. సరేనన్నాకే డ్రిల్ పెట్టాలి.

ఆయన వద్దంటే దిగులు వద్దు. చుట్టూ టేకు చట్రం చేసి దానికి వేలాడదీయొచ్చు. ఊగడానికి ముందూ వెనకా మూడేసి అడుగులు ఖాళీ ఉంచండి. టేపు వేసి చూసుకోవడం మీకు వచ్చుగా ఇప్పుడు.

బల్లకి పాలిష్ మాత్రం కొట్టించకండి. తడిగుడ్డతో తుడిచి, ఆరాక కొద్దిగా అవిసె నూనె పట్టించి రెండు రోజులు వదిలేయండి. నూనె తుడిచిన గుడ్డ మాత్రం ఉండచుట్టి మూల పడేయొద్దు, వేడెక్కి దానంతటదే అంటుకుంటుంది. పరిచి ఆరేయండి.

గీతలగది (విజయవాడ)
ఫిబ్రవరి 17, ఉదయం 10:30

చీర కర్టెన్లకి వెనక తెల్ల పత్తి గుడ్డతో లైనింగ్ వేయించండి, లేకపోతే పడమటి ఎండకి మడతల వెంట చినుగుతాయి. లైనింగ్‌ని చీరకి కుట్టేయకుండా పైన మాత్రం పట్టించండి. ఉతకడానికి విడిగా వస్తుంది, చీర మళ్ళీ చీరగానే ఉంటుంది.

సాదాగోడ (బెంగళూరు)
ఫిబ్రవరి 17, రాత్రి 9:10

దర్రీ, ఊయల, చీరలు, రాయి, ఆకుపచ్చ రెక్కలు. ఇన్నీ ఒకే హాల్లో ఉంటే ఎదురు గోడ మీద ఏమీ పెట్టకండి, దయచేసి. ఒక్క గోడైనా ఊరికే ఉండనివ్వండి. మీవారికి అది కావాలేమో అడగండి.

కొత్తతాళం (నల్లగండ్ల, హైదరాబాద్)
ఏప్రిల్ 6, సాయంత్రం 5:05

మారిపోయాం. వారం అయింది. ఎనిమిది లక్షల నలభై వేలు అయింది, అనుకున్నదానికన్నా కాస్త పైనే. రెండో పడకగదిలో బీరువా లేదు, మూడో గదిలో ఏమీ లేదు, బట్టలు సూట్‌కేసుల్లోనే ఉన్నాయి. ఫాల్స్ సీలింగ్ వద్దనుకున్నాం. దర్రీ ఇంకా మగ్గం మీదే ఉంది, అంచు ఆకుపచ్చ. సాదాగోడ గారూ, ఎదురు గోడ ఊరికే ఉంది. మావారు ఆ మాట చదివి "ఆయనెవరో నాకు అన్నయ్యలా ఉన్నారు" అన్నారు.

ఇంజినీరు గారు వచ్చి చూసి దూలానికి కొక్కేలు వేయించారు. ఇప్పుడు ఊయల మీద కూర్చునే ఇది రాస్తున్నాను. రెక్కలు సగం మూశాను. చారలు పడుతున్నాయి, కాకపోతే గచ్చు మీద కాదు, టైల్స్ మీద. బాబు బోర్లా పడుకుని ఒక చార మీద బొమ్మ కార్లు వరసగా పెడుతున్నాడు. వాడికి ఎవరూ చెప్పలేదు.

చెక్కపని గారూ, ఒక సందేహం. కుడివైపు గొలుసు కిర్రుమంటోంది. నూనె వేద్దామంటే అమ్మ వద్దంటోంది, ఆ చప్పుడు వింటే తనకి నిద్ర పడుతుందట. నూనె వేయకపోతే ఇత్తడి అరుగుతుందా?

చెక్కపని_32ఏళ్ళు (గుంటూరు)
ఏప్రిల్ 6, రాత్రి 8:20

అరుగుతుందమ్మా, కానీ మెల్లగా. అమ్మగారు మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఆ చప్పుడు ఉండనివ్వండి. ఆవిడ ఊరెళ్ళినప్పుడు కొక్కెం దగ్గర రెండు చుక్కలు వేసి, తిరిగొచ్చేలోపు తుడిచేయండి. ఏడాదికోసారి ఆ లంకె మందం చూస్తూ ఉండండి, పలచబడితే ఒక్క లంకె మార్చుకుంటే సరిపోతుంది, గొలుసు మార్చక్కర్లేదు.